వద్దున్నర

పొద్దున షెడ్డు షట్టరు ఎత్తగానే అక్క చేసే మొదటి పని, కుడిచేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కోవడం. కడిగి నీడలో ఆరబెట్టిన కారు మీద ఆ చేతిని ఆనీ ఆనకుండా జరుపుతుంది. ఉత్త చేతికి వెన్నలా తగిలే పెయింటే కవరు చేతికి గరగరమంటుంది. ఎంత కడిగినా పోని చెత్త లోపల దిగబడి ఉంటుంది మరి. రోడ్డు తారు, బ్రేకుల్లోంచి రాలే ఇనుపరజను, చెట్ల జిగురు, పక్కింటివాళ్ళు గేటుకి రంగేస్తుంటే ఎగిరొచ్చిన తుంపర. వీటితోపాటు మాటలు.

మనుషులు కారుకి ఆనుకుని మాట్లాడకుండా ఉండలేరు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు అరగంటసేపు తలుపు పట్టుకుని వేలాడతారు. ఫోనులో అరిచేవాళ్ళు బానెట్ మీద మోచెయ్యి ఆనిస్తారు. ఏడవాలనుకున్నవాళ్ళకి డిక్కీ దొరుకుతుంది. అన్నవాటిలో కాస్త బరువున్న మాటలు పెయింటు మీద పడి అక్కడే అతుక్కుపోతాయి. వానకి పోవు, సబ్బుకి లొంగవు. వాటికి ముద్ద ఒక్కటే మందు.

డబ్బా మీద క్లే అని రాసి ఉంటుంది గానీ షెడ్డులో అందరూ దాన్ని ముద్ద అనే అంటారు. సాగే మట్టి. అరచేతిలో సగం పట్టేంత తీసుకుని, గోరువెచ్చటి నీళ్ళలో పిసికి, బిళ్ళలా నొక్కి, కారు మీద సబ్బునీళ్ళు కొట్టి ఆ తడి మీద ముందుకీ వెనక్కీ జార్చాలి. గుండ్రంగా తిప్పకూడదు, బలం పెట్టకూడదు. మొదట గరగరమంటుంది. నాలుగుసార్లు జరిగేసరికి చప్పుడు ఆగుతుంది, ఆగిందంటే అక్కడికి శుభ్రమైనట్టు. ముద్ద తిప్పితే తెల్లటి మట్టి మీద బూడిదరంగు చార కనిపిస్తుంది. దాన్ని లోపలికి మడిచేసి, మళ్ళీ పిసికి, పక్క జానెడుకి వెళ్ళాలి.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మన దగ్గర తీసుకోవచ్చు, ఆదివారం సెలవు," అంటాడు షెడ్డు యజమాని అయిన మేస్త్రి. ఆయన అక్క కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. అయినా ఆమెని అక్కా అనే పిలుస్తాడు. అందరూ అలాగే పిలుస్తారు. పదహారేళ్ళుగా అదే చెయ్యి, అదే షెడ్డు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఉంగరం పెట్టుకుంటే పెయింటు మీద గీతలు పడతాయి కదండీ," అని నవ్వేసేది.

ముద్ద తీసేసిన మాట, అన్నవాళ్ళకి ఇక గుర్తుండదు. విన్నవాళ్ళకి మాత్రం ఉంటుంది. నీలం రంగు చిన్నకారు మొగుడూ పెళ్ళాలు నెలకోసారి జంటగా వచ్చి, చెరో పక్కా నిలబడి, "ఇది నాది, ఇది నాది" అని చూపించి తుడిపించుకునేవాళ్ళు. తామన్నది ఎవరికి వాళ్ళు మర్చిపోయేవాళ్ళు, ఎదుటివాళ్ళన్నది ఇద్దరికీ గుర్తుండేది, దాంతో నెల తిరగకుండానే మళ్ళీ పోట్లాట. మంచి గిరాకీ. ఒక పెద్దమనిషి ప్రమోషన్ ఇస్తానని పార్కింగులో మాటిచ్చి, మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికల్లా కారు తెచ్చి పెట్టేవాడు.

మేస్త్రి పెట్టిన నియమం ఒక్కటే. చెయ్యి తుడవాలి, చదవకూడదు. కవరు చేత్తో నెమ్మదిగా తడిమితే ఏ అక్షరమో తెలిసిపోతుంది. అక్కకి అది మొదటి ఏడే పట్టుబడింది. "ఊళ్ళోవాళ్ళ మాటలు చేతికి ఎక్కించుకుంటే నీకు అన్నం సయించదు," అన్నాడు మేస్త్రి. ఆవిడ విన్నది. చెయ్యి కారు మీద ఉంటే మనసుని ఇంటి కిరాణా మీద పెట్టేది. చదవకుండా తుడిచే చెయ్యి అని అక్కకి ఊళ్ళో పేరు. నల్లకారాయన వెతుక్కుంటూ వచ్చింది ఆ పేరు వినే.

ఆయన మొదట వచ్చింది ఆరు నెలల కింద. ఇస్త్రీ చెదరని చొక్కా, మెత్తటి గొంతు. కారు ఎంత నల్లగా, ఎంత నిగనిగలాడుతూ ఉండేదంటే, ఎదురుగా నిలబడితే మొహంలో మొటిమలు లెక్కపెట్టుకోవచ్చు. "అక్కా, పక్క సీటు వైపు తలుపు కొంచెం శ్రద్ధగా చూడండి," అనేవాడు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, పని అయ్యేదాకా ఆమె చేతినే చూసేవాడు. పదిహేను రోజులకోసారి, శనివారం పదింటికి, గడియారం కొట్టినట్టు వచ్చేవాడు.

"ఇన్నిసార్లు వద్దండీ," అని మేస్త్రి ఓసారి చెప్పాడు. "ముద్ద మాటని ఒక్కదాన్నే తియ్యదు. పైపొరని కూడా వెంట్రుకవాసి లాగుతుంది. ఏడాదికి రెండుసార్లు చాలు. ఊరికే తుడిస్తే పెయింటూ అరుగుతుంది, మాట వెనకున్న మనసూ అరుగుతుంది."

"నాకు కావలసింది నున్నగా ఉండటమేనండీ," అన్నాడాయన.

కారు పనిలో ఉన్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. మనిషిని కారుని బట్టి కొలుస్తారు. సీట్ల కింద చిల్లర చెత్త ఉంటే వాడికి ఇల్లు పట్టదంటారు, బంపరు సొట్టతో తిరిగేవాణ్ణి నమ్మొద్దంటారు. అక్కకీ ఉందా జబ్బు. భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చిన చెల్లెల్ని చూసి నల్లకారాయన వివరాలు అడిగితే, అక్క ఇంటికెళ్ళి అమ్మతో, "ఇనుముని ఇంత ప్రేమగా చూసుకునేవాడు పెళ్ళాన్ని ఎంత బాగా చూసుకుంటాడో ఆలోచించు," అంది. సంబంధం కలిపింది ఆవిడే.

చెల్లెలు కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. చెయ్యి ఎంత సున్నితమో నోరంత గట్టిది. చిన్నప్పటినుంచీ అంతే. అయిదేళ్ళప్పుడు, జ్వరానికి చేదుమందు పడుతూ "వద్దా? వద్దంటే ఎలా?" అని అమ్మ బతిమాలితే, "వద్దు కాదు, వద్దున్నర" అంది. ఒకటి మీద అర కలిపితే ఒకటిన్నర అయినట్టు, వద్దు మీద ఇంకో అర కలిపిందన్నమాట. ఇంట్లో అది మిగిలిపోయింది. వద్దు అంటే ఇంకో రెండుసార్లు అడిగి చూడొచ్చు. వద్దున్నర అంటే ఇక ఎవరూ కదిలించేవారు కాదు. ప్రపంచంలో ఆ మాట ఆ ఒక్క మనిషి నోటనే వచ్చేది.

నల్లకారాయనతో టీకి వెళ్ళొచ్చిన మొదటి సాయంత్రం చెల్లెలు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చింది. చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి మెట్ల మీద. "ఏమైందే?" అంటే, "రేపు చెప్తా, ఇప్పుడు తల పగిలిపోతోంది," అంది. ఆ రేపు శనివారం. మధ్యాహ్నానికల్లా మొహం తేటగా ఉంది. "ఏం చెప్తానన్నానక్కా? ఏమీ లేదే," అంది. ప్రతి పదిహేను రోజులకీ ఇదే వరస. శుక్రవారం సాయంత్రం ఉరుములు, శనివారం మధ్యాహ్నానికి ఎండ. అడిగితే ఏమీ చెప్పదు. "మౌనం అర్ధాంగీకారం," అంది అమ్మ.

ఇంకో మార్పు కూడా వచ్చింది, అది అక్కకి కనిపించింది గానీ అర్థం కాలేదు. చిల్లర తక్కువిస్తే బస్సు ఆపించి అడిగే పిల్ల, ఏమిచ్చినా తీసుకుని కూర్చుంటోంది. కొట్లో ఎవరి షిఫ్టు ఇచ్చినా సరే అంటోంది. జుట్టు కత్తిరించే ఆవిడ "ఇంకొంచెం తీసేద్దామా" అంటే సరే అంది, చెవుల మీదకి వచ్చేసింది. ఇంట్లో ఎవరు ఆఖరున చెబితే అదే. "పెళ్ళి కుదిరిన పిల్ల అలాగే నెమ్మదిస్తుంది," అంది అమ్మ. అక్కకి కూడా అలా అనుకోవడమే సుఖంగా ఉంది. శుక్రవారం పన్నెండింటికి రిజిస్టరు ఆఫీసులో సంతకాలు పెట్టుకోవాలని రోజు కూడా ఖాయం చేశారు.

ఆ వారం నల్లకారాయన శనివారం దాకా ఆగలేదు. బుధవారమే వచ్చాడు.

"పెళ్ళి కారు కదా వదినగారూ, ఓసారి పక్క తలుపు చూసేస్తే నాకు నిశ్చింత," అన్నాడు. ఇప్పుడు అక్క కాదు, వదిన. ఎప్పట్లాగే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అక్క సబ్బునీళ్ళు కొట్టి ముద్ద ఆనించింది. జారలేదు. అంత తడిలోనూ అడుగడుక్కీ పట్టేసుకుంటోంది. ఇంకాసిని నీళ్ళు కొట్టింది. ముద్ద చిన్నగా మూలిగినట్టు చప్పుడు చేసి నాలుగో జారుకి కదిలింది. ఎప్పుడూ చూడకుండా మడిచేసే మనిషి, ఇంతగా సతాయించింది ఏమిటా అని ఆ రోజు ముద్ద తిప్పి చూసింది. బూడిదరంగు కాదు, నల్లగా ఉంది చార. చార కూడా కాదు. అక్షరాలు.

వద్దున్నర.

అక్క తలుపు పక్కన గొంతుకూర్చుని, కవరు చేతిని ఇంకా తుడవని కిందిభాగం మీద పెట్టింది. పదహారేళ్ళలో మొదటిసారి కావాలని, నెమ్మదిగా, ఒక్కో అక్షరమే తడిమి చదివింది. చెయ్యి వదలండి. ఎందుకు నవ్వుతున్నారు?

"ఆగిపోయారేం వదినగారూ?" అన్నాడు వెనకనుంచి.

"ముద్ద గట్టిపడింది. వేడినీళ్ళు తెస్తా," అంటూ లేచింది. గొంతు మామూలుగానే వచ్చింది, ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. షెడ్డు వెనక్కి వెళ్ళి చెల్లెలికి ఫోను చేసింది.

"ఆయన్ని నువ్వు వద్దన్నావా?"

"నేనా? లేదే," అంది చెల్లెలు. వెనక అద్దాలు అరగదీసే చక్రం తిరుగుతున్న చప్పుడు. "ఏమోనక్కా. నిన్న నవ్వాడు. అది గుర్తుంది. ఎందుకు నవ్వాడో గుర్తులేదు."

"నీకు ఇష్టమేనా ఈ పెళ్ళి? నిజం చెప్పు."

చెల్లెలు చక్రం ఆపేసింది.

"అనే ఉంటానేమో అక్కా, నువ్వు చెబుతున్నావంటే. ఇప్పుడు వెతికితే మాత్రం లోపల ఏమీ దొరకట్లేదు. నీ ఇష్టం."

ఎన్ని శనివారాలు. అక్క తన కుడిచేతిని చూసుకుంది. కోసి పారెయ్యాలనిపించింది. తోడబుట్టినదాని నోట్లోంచి మాట పీకేసింది వీడు కాదు, వీడికి అంత నేర్పు లేదు. ఈ చెయ్యే పీకింది, నున్నగా, చప్పుడు లేకుండా, మెచ్చుకోళ్ళు అందుకుంటూ. ఏడుపు రాలేదు. కోపం మాత్రం వచ్చింది, అది కూడా చల్లగా, నింపాదిగా వచ్చింది.

వేడినీళ్ళ గిన్నెతో తిరిగొచ్చి, ఈసారి డ్రైవరు వైపు తలుపు పైఅంచు మీద చెయ్యి పెట్టింది. ఎక్కేముందు మనిషి చెయ్యి ఆనించి నిలబడే చోటు. అక్కడ ఆయన మాటలున్నాయి. ఇంకో రెండుసార్లు తుడిపిస్తే చాలు, ఈవిడ కూడా దారికొస్తుంది.

ఆ 'కూడా' దగ్గర అక్క వేలు ఆగిపోయింది.

"పెళ్ళికొడుకుగారూ, ఇవాళ మొత్తం కారు చేసేస్తాను," అంది.

"మీరెలా అంటే అలా," అన్నాడాయన, ముచ్చటపడి. మేస్త్రి టీ పంపించాడు.

పక్క తలుపు మీద మిగిలిన రెండు మాటల్నీ ముట్టుకోకుండా వదిలేసి, అదే ముద్దతో అక్క కారంతా తిరిగింది. ముందు డ్రైవరు తలుపు. ఆయన చేతిలోని టీ గ్లాసు కాసేపు గాల్లో ఆగింది, ఏదో పని మీద వచ్చి ఏ పనో మరిచినవాడిలా. తరవాత బానెట్. ఆయన ఫోను మోగింది, తీసి పేరు చూసి, ఎవరో తెలియక పెట్టేశాడు. కారు టాపు, డిక్కీ, బంపర్లు. జానెడు చోటు తుడవడం, మడవడం, పిసకడం, మళ్ళీ తుడవడం. మూడు గంటలు పట్టింది. వాగుడుకాయ మనిషి, బతుకంతా ఆ కారుకి ఆనుకునే వాగాడు. ఆఖరి మడత వేసేసరికి ముద్ద బొగ్గులా అయింది. ఆయన కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. చొక్కా అదే, మొహం మాత్రం అప్పుడే కడిగిన పళ్ళెంలా ఉంది.

తాళాలు ఇస్తే చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎవరి కారండీ?" అని అడిగాడు, ఎంతో మర్యాదగా.

మేస్త్రి ఆయన్ని చూశాడు, ముద్దని చూశాడు, అక్కని చూశాడు. ఒక పాత గుడ్డ తెచ్చి ఆయన చేతికిచ్చి, "ఖాళీగా కూర్చుంటే ఏం తోస్తుంది బాబూ, ఆ బకెట్లు తుడువు," అన్నాడు. ఆయన తుడిచాడు. ఆ రాత్రికి షెడ్డులోనే పడుకోబెట్టారు.

గురువారం భోజనాల వేళ అక్క అడిగింది. "మేస్త్రీ, తీసిన మాటని తిరిగి పెట్టొచ్చా?"

"పారేసిన ముద్దల్లోవి పోయినట్టే. చేతిలో ఉన్నదాంట్లోవి పెట్టొచ్చు." మేస్త్రి నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నీళ్ళు కొట్టకుండా పొడిగా రుద్దితే ఎక్కిందంతా దిగుతుంది. గీతలు పడిపోతాయి. అలా దిగిన మాట ఇక ఏ ముద్దకీ రాదు. కానీ ఏరుకోవడం కుదరదక్కా. ఒక ముద్దలో ఎందరివి ఉంటే అందరివీ వస్తాయి. ఆఖరున ఎక్కింది ముందు దిగుతుంది, మొదట ఎక్కింది అడుగున ఉంటుంది."

అంటే చెల్లెలి ఒక్క మాట కావాలంటే, ముందు వాడు మొత్తంగా లేచి కూర్చోవాలి. అక్క మూలకి చూసింది. ఆయన బకెట్టు బోర్లించి నీడలో పెడుతున్నాడు, ఎంతో జాగ్రత్తగా. పులి గడ్డి తింటోంది, తిననీ అనుకుంది. పిల్ల నెమ్మదిగా తేరుకుంటుందిలే. ముద్దని డబ్బాలో పెట్టి మూత బిగించింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, "రేపు నువ్వు రిజిస్టరు ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు, ఆయనకి ఒంట్లో బాగాలేదు," అని చెప్పింది.

"సరే," అంది చెల్లెలు. అంతే. ఎందుకనీ ఏమైందనీ అడగలేదు. అక్కకి ఆ 'సరే' విని అన్నం సయించలేదు.

శుక్రవారం పదకొండున్నరకి కళ్ళజోళ్ళ కొట్టావిడ స్కూటరు షెడ్డు ముందు ఆగింది. వెనకసీటు మీద చెల్లెలు, కొత్తబట్టల్లో.

"ఎంత మతిమరుపు పిల్లండీ మీది," అంది కొట్టావిడ, హెల్మెట్ తీస్తూ. "పెళ్ళిరోజు పెట్టుకుని పొద్దున్నే పనిలోకి వచ్చింది. నేనే ఇంటికి తీసుకెళ్ళి బట్టలు మార్పించి తెచ్చాను. సాక్షి సంతకం నాదే కదా. మీరూ బయల్దేరతారని ఇటు వచ్చాం. పెళ్ళికొడుకు ఏడీ, ఆ మూల బకెట్లతో ఆయనేం చేస్తున్నాడు?"

"నిన్న వద్దన్నాను కదే," అంది అక్క.

"ఈవిడ వెళ్దామన్నారక్కా," అంది చెల్లెలు.

"దిగు. ఇంటికెళ్ళు."

"సరే." దిగింది.

"ఇంటికేంటి, పన్నెండున్నరకి ఆఫీసు మూసేస్తారు," అంది కొట్టావిడ. "అమ్మాయ్, ఆయన్ని లేవదియ్."

"సరే," అంటూ చెల్లెలు మూలకి వెళ్ళింది. "పదండి, ఆలస్యమవుతోంది," అంది. ఆయన ముఖం ఎత్తి, ఎవరో ఏమిటో తెలియకపోయినా పిలిచారు కదా అని గుడ్డ పిండి ఆరేసి లేచాడు. ఇద్దరూ పక్కపక్కనే నడిచి వస్తున్నారు. ఇద్దరి మొహాలూ ఒకేలా, ఏమీ రాయని కాగితాల్లా ఉన్నాయి.

ఇవాళ అక్క అడ్డుపడొచ్చు. రేపు ఇంకొకరు ఇంకొకటి చెబుతారు, దానికీ సరే అంటుంది. బస్సులో ఎవడో రమ్మంటాడు, సరే అంటుంది. బతికినంతకాలం దాని చెవి దగ్గర నిలబడి తను ఆఖరి మాట చెబుతూ ఉండాలా? అప్పుడు తనకీ వాడికీ తేడా ఏమిటి?

డబ్బా మూత తీసింది. నల్లకారు పక్క తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. సబ్బునీళ్ళ సీసాని కాలితో దూరంగా నెట్టేసి, ముద్దని పొడిపెయింటు మీద ఆనించి బలంగా రుద్దింది.

పళ్ళు జివ్వుమనే చప్పుడు వచ్చింది. అద్దంలాంటి నలుపు మీద బూడిదరంగు గీతలు పడ్డాయి. మేస్త్రి ఫ్యాను కట్టేశాడు.

ముందు ఆయన నడక మారింది. వంగిన భుజాలు నిటారుగా లేచాయి. రెండో వరసకి చొక్కా చేతులు కిందికి లాక్కుని గుండీ పెట్టుకున్నాడు. మూడో వరసకి పేరు గుర్తొచ్చినట్టుంది, జేబులు తడుముకున్నాడు. అక్క ముద్ద మడత విప్పి మళ్ళీ రుద్దింది. ఒక్కో మడతకీ ఒక్కో నెల దిగుతోంది. చెల్లెలు మాత్రం అలాగే పక్కన నిలబడి ఉంది.

"వదినగారూ," అన్నాడాయన, ఆ పాత మెత్తటి గొంతుతో. "తడపకుండా రుద్దుతున్నారేంటి? పెయింటు పాడవుతుంది."

అక్క ఆపలేదు. ఇంకా అడుగు రాలేదు.

ఆయన తలుపు మీది గీతల్ని చూశాడు, అక్క మొహం చూశాడు. అర్థమైంది. చెయ్యి చాచి చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు. "కారు తరవాత చూద్దాం. నువ్వు పద, స్కూటరు మీద వెళ్దాం."

"సరే," అంది చెల్లెలు.

"ఆగవే," అంది అక్క.

"నడు," అన్నాడాయన.

చెల్లెలు నడిచింది. షట్టరు దాకా పది అడుగులు. అక్క రెండు చేతులూ వేసి రుద్దింది. గోళ్ళు పెయింటుకి తగిలి విరిగాయి, వేళ్ళ చివర్లు చిట్లి రక్తం ముద్దలో కలిసింది. ఎనిమిది అడుగులు. వాడి మాటలే వస్తున్నాయి, వాడివే, ఇంకా వాడివే. ఆవిడకి జన్మలో ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. ముద్ద పలచబడి కాగితమంత అయింది. నాలుగు అడుగులు. ఆఖరి మడత విప్పి, ఆ నల్లచారని ఉన్నపళంగా తలుపుకేసి అదిమి ఒక్కసారి కిందికి లాగింది.

చెల్లెలు ఆగింది.

మణికట్టు వైపు చూసుకుంది, ఇది నాదేనా అన్నట్టు. తరవాత దాన్ని వెనక్కి లాక్కుంది. ఆయన వదల్లేదు. ఆయన నవ్వుతున్నాడు.

"ఎందుకు నవ్వుతున్నారో ఇప్పుడు తెలిసింది," అంది చెల్లెలు. గట్టిగా అనలేదు, కానీ షెడ్డు చివరదాకా వినిపించింది. "మీకు మంగళవారమే చెప్పాను. మీరంటే నాకు ఇష్టం లేదు. చెయ్యి తియ్యండి."

"అదేంటి, ఇష్టం లేదా?" అంది కొట్టావిడ, హెల్మెట్ చంకలో పెట్టుకుని. "అయితే చెయ్యి తియ్యవయ్యా. సాక్షి సంతకానికి వచ్చానుగానీ, సాక్ష్యం చెప్పడమైనా నాకు ఇబ్బంది లేదు."

ఆయన చెయ్యి తీశాడు. నవ్వు మాత్రం కాసేపు మిగిలింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద గీతల్ని బొటనవేలితో రాసి చూశాడు. "ఊళ్ళో ఇదొక్కటే షెడ్డు కాదు," అన్నాడు.

"అన్ని షెడ్లూ తిప్పి చూసుకో బాబూ," అన్నాడు మేస్త్రి. "పొడిగా దిగింది ఎవరికీ రాదు. నీవి కూడా రావు. వాటిని చదివే చేతులు ఇంకా ఉన్నాయి."

కారు వెళ్ళిపోయింది. కొట్టావిడ ఏదో అనబోయి, అక్కచెల్లెళ్ళ మొహాలు చూసి, బయట స్కూటరు దగ్గర ఉంటానని వెళ్ళింది. అక్క నేలమీదే కూర్చుని ఉంది. చెల్లెలు దగ్గరికొచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎన్నిసార్లన్నానక్కా?"

"తెలీదు."

"తుడిచింది నువ్వే కదా."

"నేను చదవలేదే," అంది అక్క. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే సిగ్గేసింది.

చెల్లెలు లెక్క వేసుకుంది. నెలకి రెండు, నాలుగు నెలలు. పెదవులు కదిలాయిగానీ అంకె బయటికి అనలేదు. అక్క వేళ్ళనుంచి కారుతున్న రక్తం చూసి, ఆరేసి ఉన్న శుభ్రమైన గుడ్డ ఒకటి తీసి ఒళ్ళో పడేసింది.

"కట్టుకో," అంది.

"ఇంటికి పోదాం రా తల్లీ," అంటూ అక్క లేవబోయింది.

"నువ్వు రావద్దు."

అక్క సగం లేచి, అలాగే ఉండిపోయింది. చెల్లెలు షట్టరు కిందనుంచి ఎండలోకి నడిచి, కొట్టావిడ ఎక్కమన్నా స్కూటరు ఎక్కకుండా, ఇంటి దారి కాని దారిలోకి తిరిగింది. వెనక్కి పిలుద్దామని అక్కకి నోటిదాకా వచ్చింది. పిలిస్తే ఆగిపోతుందేమోనని భయమేసి పిలవలేదు.